ఆకుపచ్చలో లేని ఇనుము

కైకలూరు దాటి కొల్లేరు వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. వాటిలో ఒకదాని గట్టు మీద, మోటారు షెడ్డు నీడలో, ఒక మధ్యాహ్నం ఇద్దరు వాదించుకున్నారు. ఒకాయన పాతికేళ్లుగా బొచ్చె, శీలావతి పెంచుతున్న రైతు. రెండో మనిషి ఆయన అక్క కూతురు. విశ్వవిద్యాలయంలో క్లోరెల్లా అనే ఆకుపచ్చ శైవలం మీద పరిశోధన చేస్తోంది. ఇద్దరి మధ్యా విప్పని మినరల్ బస్తా ఒకటి. దాని మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలు మెగ్నీషియానివి. నేను మడతమంచం మీద బొండం చేత్తో పట్టుకుని కూర్చున్నాను. నన్నెవరూ తీర్పు అడగలేదు. అడక్కుండా నేను చెప్పే మాటలు మధ్యలో కొన్ని ఉన్నాయి, అవి దాటేసి చదువుకోవచ్చు.

మేనకోడలు: ఈ బస్తా ఎందుకు మావయ్యా?

మావయ్య: కలర్ పోయింది. చూడు, వారం నించి నీళ్లు పల్చబడిపోయాయి. ఆకుపచ్చ రావాలంటే పత్రహరితం రావాలి. పత్రహరితం నడిమధ్యలో మెగ్నీషియం ఉంటుందని నువ్వే కదే చెప్పావు, చదువుకునే రోజుల్లో పటం గీసి మరీ?

మేనకోడలు: ఉంటుంది. 1906లో విల్‌స్టాటర్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చాడు. తర్వాత ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. అయినా ఈ బస్తా నీకు దండగ.

మావయ్య: మధ్యలో ఉండేదాన్ని వేస్తే దండగేమిటే? గోంగూర ఉడికించి చూడు. పొయ్యెక్కే ముందు పచ్చగా నిగనిగలాడుతుంది, దించేసరికి మట్టిరంగు. అదెందుకో మీ అత్తకి నువ్వే చెప్పావు. గోంగూర పులుపు పత్రహరితంలోంచి మెగ్నీషియాన్ని తోసేస్తుందన్నావు. పాలకూర అంత పులుపు కాదు కాబట్టి కాస్త పచ్చగానే నిలుస్తుందన్నావు. మెగ్నీషియం పోతే పచ్చ పోతుంది. మరి మెగ్నీషియం వస్తే పచ్చ రాదూ?

మేనకోడలు: గుమ్మానికి తలుపు లేకపోతే ఇల్లు కాదు. అలాగని గుమ్మం ముందు పది తలుపులు పడేస్తే పది ఇళ్లు లేస్తాయా? గోంగూర చెప్పేది ఒకటే. తయారైన పత్రహరితంలోంచి మెగ్నీషియం తీస్తే రంగు మారుతుంది. నీ చెరువులో మెగ్నీషియం తక్కువైందని అది చెప్పలేదు. నీళ్ల పరీక్ష కాగితం ఏదీ?

(కాగితం షెడ్డు చూరులో ఉంది. మావయ్య తీసి, దుమ్ము దులిపి ఇచ్చారు. లీటరుకి మెగ్నీషియం 40 మిల్లీగ్రాములు అని ఉంది.)

మేనకోడలు: లెక్క వేద్దాం. లీటరు నీటిలో 300 మైక్రోగ్రాముల పత్రహరితం ఉంటే నీళ్లు పాయసంలా చిక్కగా ఉంటాయి. అంతా బాగున్న రోజుల్లో కూడా నీకంత పచ్చ అక్కర్లేదు. పత్రహరితం బరువులో మెగ్నీషియం నూటికి 3 పాళ్లు కూడా లేదు, 2.7. అంటే లీటరుకి 8 మైక్రోగ్రాములు చాలు. నీ నీళ్లలో ఉన్నది 40,000 మైక్రోగ్రాములు.

మావయ్య: అయిదు వేల రెట్లు.

మేనకోడలు: అదీ.

మావయ్య: ఆగాగు. నాచు కణం మెగ్నీషియాన్ని ఒక్క పత్రహరితానికేనా వాడుకునేది?

మేనకోడలు: మంచి ప్రశ్న. కాదు. ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములకి కావాలి, కణంలో శక్తి మారే ప్రతి చోటా కావాలి. కణంలో ఉన్న మెగ్నీషియంలో ఎక్కువ భాగం పత్రహరితం బయటే ఉంటుంది. పదింతలు వేసుకో, 80 మైక్రోగ్రాములు. అప్పటికీ నీ దగ్గర అయిదొందల రెట్లుంది.

మావయ్య: మరి అవతల రొయ్యల చెరువులాళ్లు బస్తాలకి బస్తాలు మెగ్నీషియం పోస్తున్నారు. వాళ్లకి లెక్కలు రావా?

మేనకోడలు: వాళ్లు పోసేది నాచుకి కాదు, రొయ్యకి. వనామీ రొయ్య ఉప్పునీటి జీవి. సముద్రం నీళ్లలో లీటరుకి 1,300 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం ఉంటుంది. దాన్ని తెచ్చి చప్పటి బోరు నీళ్లలో వేశారు. దాని ఒంట్లో లవణాలు సర్దుకోవడానికి, గుల్ల విడవడానికి మెగ్నీషియం, పొటాషియం కావాలి. నీ శీలావతికి ఆ గొడవేమీ లేదు. రొయ్య మందు చేపల చెరువులోకి నడిచొచ్చింది, అంతే.

(ఇక్కడొక మాట. పదార్థంలో ఏముందో అదే కారణం అనుకోవడం మనందరికీ ఉన్న అలవాటే. ఎర్రగా ఉంది కాబట్టి బీట్‌రూట్ తింటే రక్తం పడుతుందంటాం. మావయ్య చేసిన పొరపాటు అంతకంటే మర్యాదైనది. ఆయన కనీసం అణువు బొమ్మ చూసి పొరబడ్డారు.)

మావయ్య: సరే, మెగ్నీషియం కాదన్నావు. ఏది అవునో చెప్పు. కాదనడం ఎవరైనా చెప్తారు.

మేనకోడలు: ముందు నత్రజని. పత్రహరితం అణువు ఒక్కోదాంట్లో మెగ్నీషియం పరమాణువు ఒక్కటే, నత్రజనివి నాలుగు. అయినా అసలు సంగతి అది కాదు. పత్రహరితం ఒంటరిగా బతికే పదార్థం కాదు. వెలుగు తాగి ఆ శక్తిని ఎక్కడా దింపలేకపోతే పక్కనున్న ఆక్సిజన్‌ని రెచ్చగొట్టి కణాన్నే కాల్చేస్తుంది. అందుకని ప్రతి అణువునీ ఒక ప్రోటీన్ ఒడిలో కట్టిపడేయాలి. ఆ ప్రోటీన్ కట్టాలంటే నత్రజని ఉండాలి. నత్రజని లేని కణం పత్రహరితం చెయ్యడం మానేస్తుంది, ఉన్నదాన్నీ విప్పేసుకుంటుంది. ఫ్లాస్కులో నైట్రేటు తీసేస్తే క్లోరెల్లా కొన్ని రోజుల్లో పాలిపోయి పసుపుపచ్చకి తిరుగుతుంది. ఆ పసుపు కొత్తగా వచ్చింది కాదు, పచ్చ చాటున ఎప్పుడూ ఉన్న కెరోటినాయిడ్లదే. లోపల నూనె, పిండి పేరుకుంటాయి. మళ్లీ నైట్రేటు పోస్తే పచ్చ తిరిగొస్తుంది.

మావయ్య: చచ్చిపోదా?

మేనకోడలు: వెంటనే చావదు, కాచుకుని కూర్చుంటుంది. హెమటోకాకస్ అని ఇంకో ఆకుపచ్చ శైవలం ఉంది. దానికి నత్రజని తగ్గించి ఎండలో పెడితే ఎర్రగా, కుంకుమలా అయిపోతుంది. ఆ ఎరుపుని తీసి చేపల మేతలో కలుపుతారు కూడా.

మావయ్య: అయితే యూరియా, సూపర్ ఫాస్ఫేటు వెయ్యాలి. అది మా నాన్న కూడా చెప్పాడే, దానికి నీ చదువెందుకు?

మేనకోడలు: తాతయ్య చెప్పనిది ఇంకోటుంది. పత్రహరితంలో ఒక్క పరమాణువు కూడా లేని లోహం, అదే లేకపోతే పత్రహరితమే తయారు కాదు. ఇనుము.

మావయ్య: ఇది మరీ బావుంది. మధ్యలో ఉన్నది అక్కర్లేదు, ఎక్కడా లేనిది కావాలి!

మేనకోడలు: మావయ్యా, దాళ్వా నారుమడి పసుపుపచ్చకి తిరిగితే నువ్వేం కొడతావు?

మావయ్య: అన్నభేది.

మేనకోడలు: అన్నభేది అంటే ఏమిటి?

మావయ్య: (కాసేపాగి) ఇనుమే. ఫెర్రస్ సల్ఫేట్.

మేనకోడలు: మరి నీకు తెలిసిందే నేను చెప్తున్నాను. 1840ల్లో ఫ్రాన్స్‌లో గ్రీ అనే ఆయన పాలిపోయిన ఆకులకి ఇనుప లవణం రాసి పచ్చ తిరిగి రావడం చూశాడు. అప్పటికి పత్రహరితంలో ఏముందో ఎవరికీ తెలియదు. 1929లో రాబర్ట్ ఎమర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తకి పత్రహరితం రకరకాల మోతాదుల్లో ఉన్న క్లోరెల్లా కావాల్సొచ్చింది. పచ్చ ఎంత తగ్గితే కిరణజన్య సంయోగక్రియ ఎంత తగ్గుతుందో కొలవాలి. పచ్చని తన ఇష్టప్రకారం పెంచడానికి, తగ్గించడానికి ఆయన పట్టుకున్న మర ఏదనుకున్నావు? నీళ్లలో ఇనుము మోతాదు. మెగ్నీషియం కాదు.

మావయ్య: ఎందుకలా? అది చెప్పు. ఫలానా ఆయన చేశాడంటే నేను నమ్మను.

మేనకోడలు: కణం పత్రహరితాన్ని ఒక్కసారిగా పోత పోయదు. ఎనిమిది చిన్న ముక్కలు కూర్చి ఒక చట్రం చేస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. చట్రం మధ్యలో ఇనుము కూర్చుంటే అది హీము, మన రక్తంలో ఎరుపు అదే. మెగ్నీషియం కూర్చుంటే పత్రహరితం దారి.

మావయ్య: ఇప్పుడు దొరికావు. ఇనుము ఎక్కువైతే చట్రాలన్నీ హీము వైపు పోవాలి. అప్పుడు పచ్చ తగ్గాలి కానీ పెరుగుతుందేంటే?

(ఈ ప్రశ్నకి నేను బొండం కింద పెట్టాను. అయిదు నిమిషాల క్రితం విన్న సంగతిని పట్టుకుని ఎదురుదెబ్బ కొట్టడం అందరికీ రాదు.)

మేనకోడలు: తర్కానికి అలాగే ఉండాలి. కాని మెగ్నీషియం కూర్చున్నాక కూడా పని బోలెడుంది. చట్రానికి నాలుగు వలయాలుంటాయి, అయిదోది ముడి వెయ్యాలి. ఆ ముడి వేసే ఎంజైము తన చేతిలో రెండు ఇనుప పరమాణువులు పట్టుకుని పనిచేస్తుంది. ఇనుము లేకపోతే పని అక్కడ ఆగిపోతుంది. ఇనుము దొరకని మొక్కల్లో ఈ సగంలో ఆగిన సరుకు పేరుకోవడం చూశారు కూడా. మెగ్నీషియం లోపలికొచ్చి కుర్చీలో కూర్చునే ఉంది, పెళ్లి మాత్రం కాలేదు.

మావయ్య: పురోహితుడు రాలేదంటావు.

మేనకోడలు: అంతే. ఆ పురోహితుడు పెళ్లిఫొటోలో ఎక్కడా కనపడడు. ఇంకో తమాషా చెప్తాను. అత్త పెసలు మూట కట్టి మొలకలు తీస్తుంది కదా, అవి తెల్లగా ఎందుకుంటాయి?

మావయ్య: ఎండ తగల్లేదు కాబట్టి.

మేనకోడలు: పూలు పూసే మొక్కలకి పత్రహరితం తయారీలో చివరి మెట్లలో ఒకటి వెలుగులోనే జరుగుతుంది. క్లోరెల్లా అలా కాదు. చీకట్లో పెట్టి గ్లూకోజు పోస్తే చీకట్లోనే పచ్చగా పెరుగుతుంది. ఆ మెట్టు దాటించడానికి దానికి రెండో ఎంజైము ఒకటుంది, వెలుగు అక్కర్లేనిది. అది దేంతో పనిచేస్తుందో తెలుసా? ఇనుము-గంధకం గుత్తులతో. వెలుగు చెయ్యాల్సిన పని అక్కడ ఇనుము చేస్తోంది. నైట్రేటుని కణం వాడుకోవాలన్నా ఇనుమున్న ఎంజైములే కావాలి. నువ్వు నత్రజని పోశాననుకుంటావు, నోటిదాకా వెళ్లాక మింగించేది ఇనుమే.

మావయ్య: ఎంత కావాలి మరి?

మేనకోడలు: కొంచెమే. మేం వాడే బోల్డ్ మాధ్యమంలో లీటరుకి సోడియం నైట్రేటు 250 మిల్లీగ్రాములు, మెగ్నీషియం సల్ఫేటు 75, ఫెర్రస్ సల్ఫేటు సుమారు 5. కాని ఒట్టి అన్నభేది వేస్తే నిలవదు, నీళ్లలో ఆక్సిజన్ తగిలి తుప్పై అడుక్కి దిగిపోతుంది. అందుకని ఈడీటీఏ అనేదాన్ని కలుపుతాం, అది ఇనుముని పట్టుకుని నీళ్లలోనే ఉంచుతుంది. నీ నారుమడికి అన్నభేదితో పాటు ఏం కలుపుతావు?

మావయ్య: నిమ్మ ఉప్పు. ఎందుకో తెలీదు, కలపమన్నారు కలిపాను.

మేనకోడలు: అందుకే కలపమన్నారు.

ఇక్కడితో అమ్మాయి గెలిచిందనుకున్నాను. మావయ్య లేచి లుంగీ బిగించుకుని గట్టు దిగారు. అడుగు మట్టి ఒక గుప్పెడు తీసి తెచ్చి మేనకోడలి ముందు పెట్టారు. పైన పల్చటి గోధుమరంగు పొర, లోపలంతా నల్లటి బురద. కుళ్లిన గుడ్డు వాసన.

మావయ్య: నీ ఫ్లాస్కులో ఇది ఉందా?

మేనకోడలు: లేదు.

మావయ్య: ఈ నలుపేమిటి?

మేనకోడలు: ఇనుమూ గంధకమూ కలిసింది. (కాస్త తగ్గి) ఇనుమే.

మావయ్య: కదా! నా చెరువడుగున ఎకరాలకి ఎకరాలు ఇనుముంది. గాలి తగలని చోట తుప్పు పట్టదు, నీళ్లలో కరుగుతుంది. అది నువ్వే చెప్పాలి, నేను చెప్తున్నాను. మేం నెలకోసారి అడుగున గొలుసు లాగుతాం. లాగిన రెండు మూడు రోజులకి కలర్ తిరుగుతుంది. అడుగునున్న సత్తువ పైకొచ్చిందంటాం. గాజుసీసాలో పెరిగే నాచుకి ఇనుము కరువు కావచ్చు, మట్టి మీద నిలబడ్డ నీళ్లకి కరువెందుకొస్తుంది?

మేనకోడలు: గొలుసుతో ఇనుమొక్కటే కాదు, భాస్వరం, అమ్మోనియా కూడా లేస్తాయి. దేనివల్ల పచ్చ తిరిగిందో ఎలా చెప్తావు?

మావయ్య: నేను చెప్పను. నువ్వూ చెప్పలేవు. అదే నేననేది.

మేనకోడలు: ...ఒప్పుకుంటాను. సముద్రం నడిమధ్యలో, ఒడ్డుకి వేల కిలోమీటర్ల దూరాన, ఇనుము నిజంగా కరువే. 1990ల్లో పసిఫిక్‌లో ఇనుము చల్లితే నీళ్లు పచ్చబడ్డాయి. 2009లో మనవాళ్లూ జర్మన్లూ కలిసి దక్షిణ మహాసముద్రంలో చల్లారు, లోహాఫెక్స్ అని పేరు పెట్టారు. అక్కడ అనుకున్నంత పెరగలేదు. గాజుపెంకు కట్టుకునే డయాటమ్‌లకి సిలికా లేదు, పెరిగినదాన్ని చిన్న జీవులు తినేశాయి.

మావయ్య: చూశావా? ఒక చోట ఇనుము, ఒక చోట సిలికా. ఏది తక్కువైతే అది రాజు. ఇంకోటి. వారం నించి మబ్బు పట్టి ఉంది, దాని సంగతేమిటి? పోనీ నీటిపురుగు ఎక్కువై నాచుని మేసేసిందేమో. నువ్వు మినరల్ తగ్గిందనే ఎందుకు మొదలెట్టాలి?

మేనకోడలు: మొదలెట్టింది నువ్వు. బస్తా నీది.

(నవ్వులు. ఇద్దరివీ.)

మేనకోడలు: మబ్బు అన్నావు కాబట్టి చెప్తాను. ఇది నాక్కూడా మొదట్లో తిరకాసుగా ఉండేది. వెలుగు తగ్గితే క్లోరెల్లా కణం పాలిపోదు, ముదురుపచ్చ అవుతుంది. వెలుగు తక్కువ కాబట్టి పట్టుకునే వలలు ఎక్కువ నేసుకుంటుంది. చిక్కటి చెరువులో కింద పొరల్లో ఉన్న కణాలు అలాగే ముదురుగా ఉంటాయి. అంటే రెండు చెరువులు ఒకే పచ్చగా కనపడొచ్చు. ఒకదాంట్లో లేతగా ఉన్న కణాలు బోలెడు, ఇంకోదాంట్లో ముదురుగా ఉన్నవి కొన్ని. గట్టు మీంచి చూసేవాడికి తేడా తెలీదు.

మావయ్య: గట్టు మీంచి చూసేవాడికి తెలీదు. చేప ఒళ్లు పెరగడంలో ముందు తెలుస్తుంది.

మేనకోడలు: ఇంకో ఉదాహరణ, అదీ నీ వైపే. మాంగనీస్. అది తగ్గితే కణం రంగు మరీ అంత పడిపోదు, కాని పని పడిపోతుంది. నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదిలే చోట నాలుగు మాంగనీస్ పరమాణువులుంటాయి, ఆ గుత్తి లేకపోతే పచ్చగా ఉండీ దండగ. 1937లో పిర్సన్ అనే జర్మన్ ఆకుపచ్చ శైవలాల్లో చూపించాడు. పచ్చగా ఉంది కదాని అది పనిచేస్తోందనుకోకూడదు.

మావయ్య: మా ఆఫీసులో గుమాస్తా ఒకడుండేవాడు, అచ్చం అలాగే. (ఆ ఆఫీసు ఏదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.) మరి మైలుతుత్తం మాటేమిటి? అదీ మినరలే కదా. నాచు ఎక్కువైతే మేం దాంతోనే చంపుతాం.

మేనకోడలు: మైలుతుత్తంలో ఉన్న రాగి చిటికెలో చిటికె అయితే తిండి, చెంచా అయితే విషం. కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్లు మోసే ప్రోటీన్ ఒకదానికి రాగి కావాలి. క్లామిడోమొనాస్ అనే ఆకుపచ్చ శైవలం రాగి దొరకనప్పుడు ఆ ప్రోటీన్ వదిలేసి, ఇనుముతో చేసిన ఇంకో ప్రోటీన్‌తో పని గడుపుకుంటుంది. రాగి ఎక్కువైతేనో, పత్రహరితంలో మెగ్నీషియం కుర్చీలోకి తానే ఎక్కి కూర్చుంటుంది. రంగు ఇంకా పచ్చగానే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు.

మావయ్య: కళాయి పోయిన గిన్నెలో పులుసు వండకూడదనేది మా అమ్మ. పచ్చగా కనిపిస్తే మరీ భయపడేది.

మేనకోడలు: అమ్మమ్మకి రసాయనశాస్త్రం బాగా వచ్చు.

పొద్దు వాలింది. మావయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి, అరచెయ్యి విప్పి, నీళ్లలోకి మెల్లగా దించారు. మోచెయ్యి దాటినా వేళ్లు కనపడుతున్నాయి. మామూలు రోజుల్లో మోచేతి దగ్గరికొచ్చేసరికి అరచెయ్యి మాయమవ్వాలి, అదీ ఆయన కొలమానం. అంతకంటే ముందే మాయమైతే యూరియా బంద్. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిచే రోజులవి. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన పచ్చే రాత్రంతా దాన్ని తాగేస్తుంది. ఎక్కువ పచ్చ మంచి పచ్చ అని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆ సంగతి మేనకోడలి ఫ్లాస్కుల్లో లేదు, అక్కడ చేపలుండవు.

మేనకోడలు: ఒక పని చేద్దాం మావయ్యా. ఖాళీ సోడా సీసాలు నాలుగున్నాయా? అన్నిట్లో చెరువు నీళ్లే. ఒకటి ఊరికే వదిలేద్దాం. ఒకదాంట్లో చిటికెడు యూరియా, సూపర్. ఒకదాంట్లో నీ బస్తాలోది. ఒకదాంట్లో అన్నభేది, నిమ్మ ఉప్పు. నోళ్లు వదులుగా మూసి, గట్టు పక్కన నీళ్లలో తేలేటట్టు కడదాం. అయిదు రోజులకి ఏది పచ్చబడిందో చూద్దాం.

మావయ్య: మూడోదాంట్లో ఏమీ రాదంటావు.

మేనకోడలు: రాదు. నాలుగోదాంట్లో వస్తుంది.

మావయ్య: రెండోదాంట్లో వస్తుంది. పందెం ఏంటి?

మేనకోడలు: బస్తా వెనక్కిచ్చేయాలి.

సీసాలు కడిగారు, నింపారు. అమ్మాయి మార్కర్ పెన్నుతో ఒక్కోదాని మీద పేరు రాసింది. అప్పటికే చీకటి పడుతోంది, పక్క చెరువులో ఏరేటర్లు మొదలయ్యాయి. తాడు కట్టబోతుంటే మావయ్య ఆగమన్నారు. షెడ్డులోకి వెళ్లి అయిదో సీసా తెచ్చారు. దాంట్లో నీళ్లు పోసి, ఇందాక తెచ్చిన నల్లబురద ఒక వేలితో తీసి లోపలికి జార్చారు. మేనకోడలు పెన్ను చాచింది. ఆయన తీసుకుని, కళ్లజోడు లేకపోయినా, వంకరటింకరగా తనే రాసుకున్నారు: ‘మట్టి’.